ముగ్గు పోసిన బస్టాండు

ఒకటే కప్పు, దాని కింద ఒక పక్క బస్టాండు, ఇంకో పక్క కమ్యూనిటీ హాలు. మెట్‌పల్లి దగ్గరి ఒక చిన్న పట్నం కోసం మూడు నెలలు కూర్చుని గీశాను. నక్షలు గోడకు అంటించి జనాన్ని పిలిస్తే, అందరూ తలలూపి చాయ్ తాగి వెళ్లిపోయారు. ఒక పెద్దమనిషి మాత్రం నక్షను తలకిందులుగా పట్టుకుని "మస్తుగుంది సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇలా కాదని మేస్త్రీని వెంటబెట్టుకుని, ఖాళీ జాగాలో అసలు కొలతలకు ముగ్గు పోయించాను. పునాదులు తీసేముందు ఎలాగూ పోసేదే. బస్సులు ఆగే చోటు, హాలు, టికెట్ల గది, చాయ్ హోటల్, మరుగుదొడ్లు అన్నీ నేలమీద తెల్లగీతలయ్యాయి. ఇక చూడాలి సంబరం! గోడలే లేని గదుల్లోకి జనం చెప్పులు విప్పి మరీ వెళ్లారు. బీడీలు చేసే ఆడవాళ్లు చాటలతో సహా వచ్చి హాల్లో కూర్చున్నారు.

మర్నాడు వెళ్లేసరికి చాయ్ హోటల్ గీత రెండడుగులు ముందుకొచ్చింది. పెళ్లిళ్లకు చాలదని హాలును ఎవరో బస్సుల మీదికి లాగారు. మిగిలిన సందులో ఆటో కూడా తిరగదు.

"ముగ్గు జరిపినోడు ఎవడ్రా?" అని అరిచాను. అందరూ మబ్బుల కేసి చూశారు.

"నేనే," అంది ఒక ముసలవ్వ. బీడీలు చేస్తుంది. షుగర్ ఉంది, నెలనెలా బస్సెక్కి కరీంనగర్ దవాఖానకు పోయొస్తుంది. నేను వెనక మూలన పెట్టిన ఆడవాళ్ల మరుగుదొడ్లను చెరిపేసి, బస్సు ఆగేచోటి పక్కనే వంకరటింకరగా గీసింది.

"గట్ల ముంగటనే పెడితే అందం పోతది అవ్వా!"

"అందం నువ్వు చూస్కో బిడ్డా. జర నాతోని నడువు."

చెయ్యి పట్టుకుని నన్ను బస్సు గీత దగ్గర నిలబెట్టింది. అక్కణ్నుంచి టికెట్ల గది చుట్టూ తిరిగి, చాయ్ తాగే మగవాళ్ల ముందునుంచి నా మూల వైపు నడిచాం. సగందూరంలో ఆగిపోయింది.

"ఈడికే అయిపోతది నా పని. చీర ఖరాబైతే మల్ల బస్సెట్ల ఎక్కుత? అందుకే పొద్దుగాల సంది నీళ్లు ముట్టకుంట పోత."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం సిగ్గేసింది. మూడు నెలలు గీశాను గానీ, ఇది ఒక్కసారి కూడా నా బుర్రకు తట్టలేదు.

మిగతా గీతలన్నీ కొట్లాడి మరీ వెనక్కి జరిపించాను. ఆమె గీతను వంకర తీసి అక్కడే ఉంచాను. పై ఆఫీసరు నక్ష చూసి, "ఎవలయ్యా ముంగట గివి పెట్టింది?" అని కసిరాడు. "నేనే సార్. జాగాల నడిచి చూద్దాం పాండ్రి," అన్నాను. ఎండకు జడిసి సంతకం పెట్టేశాడు.

కట్టడం పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం అక్కడే ఉన్నాను. కరీంనగర్ బస్సు ఆగింది, అవ్వ దిగింది. ఎత్తైన కప్పు, గాలి ఆడే జాలీలు చూపిద్దామని సంబరంగా ఎదురెళ్లాను.

"జరుగు!" అని నన్ను పక్కకు నెట్టి లోపలికి పోయింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, బెంచీ మీద తీరిగ్గా కూర్చుంది.

"ఇగ చెప్పు బిడ్డా, ఏమేం కట్టినవో."