పుట్టిల్లూ నేనే, అత్తిల్లూ నేనే

వినాయక చవితి వెళ్ళిన మర్నాడు, గురువారం, పగలు పదకొండుంబావు. సూర్యాపేటలో ఒక దవాఖాన, మేడ మీద డాక్టరమ్మ గది. ఆ గంటకు నేను ఒక మాట అన్నాను. ఆ మాట మీద నా కోడలు కడుపు తీయించుకుంది.

మా ఇంటి వరస ముందు చెప్పాలి, లేకపోతే సంగతి అర్థం కాదు. నా పెద్దబిడ్డను మిర్యాలగూడ ఇచ్చాను. ఆమె పెద్దకూతురిని తిరిగి నా చిన్నకొడుక్కే చేసుకున్నాను. మేనమామకు ఇవ్వడం మాలో ఎప్పటినుంచో ఉన్నదే. పిల్ల పరాయి ఇంటికి పోదు, కళ్ళముందే ఉంటుందని ధైర్యం. అట్లా నా మనవరాలే నాకు కోడలైంది. పెళ్ళయ్యాక కూడా నన్ను అత్తా అని పిలవలేదు, అమ్మమ్మా అనే పిలుస్తుంది. మాది నడిగూడెం దగ్గర ఊరు. కొడుకు కోదాడలో ఆటో నడుపుతాడు.

వాళ్ళకు మొదట పుట్టిన ఆడపిల్లకు ఏడాది నిండకముందే మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. తలసీమియా అన్నారు. ఒంట్లో రక్తం నిలవదు. మూడు వారాలకోసారి ఎవరిదో రక్తం తెచ్చి ఎక్కించాలి, బతికినన్నాళ్ళూ. తల్లీ తండ్రీ పైకి బాగానే ఉంటారట. ఇద్దరి రక్తంలోనూ దాగి ఉన్న దోషం బిడ్డలో కలిస్తే జబ్బవుతుందట. దగ్గరి మేనరికాల్లో ఈ భయం ఎక్కువని డాక్టరు నా మొహం చూస్తూ చెప్పాడు. నేనూ ఆయన మొహమే చూస్తూ విన్నాను. తల దించుకోలేదు.

పిల్ల మంచం పక్కన కూర్చునే పని నాకు పడింది. అక్షరాలు నేర్చుకున్నది అక్కడే, జుట్టంతా నెరిశాక. పిల్ల ఒక చేతికి సూది ఉంటే రెండో చేత్తో నా చేత పలక మీద దిద్దించేది.

"నానమ్మా, గట్ల కాదు. జెర తోక కిందికి గుంజు."

"ఎంత గుంజాలెనే, తెగిపోతది."

"ఇగ నీకు పంతులమ్మ నౌకరే," అని నర్సులు పిల్లను చూసి నవ్వేవారు.

పిల్ల రెండో తరగతికి వచ్చాక కోడలికి మళ్ళీ నెల తప్పింది. ఈసారి పుట్టకముందే చూడాలని డాక్టరమ్మ పట్నం పంపింది. కడుపులోకి సూది వేసి ఏదో తీశారు. ఆ గది బయట బోర్డు ఉంది. కూడబలుక్కుని చదివాను. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం నేరం, జైలు శిక్ష అని. నాకు అర్థమైంది వేరు. కడుపులో బిడ్డను చూడడమే నేరమనీ, మేము దొంగతనంగా చేయిస్తున్నామనీ అనుకున్నాను. ఊరికి వచ్చి, ఎవరడిగినా కోడలికి నడుం నొప్పి, పట్నంలో చూపించామని చెప్పాను. ఇంట్లో అందరి చేతా అదే చెప్పించాను. నా భయం సంగతి తర్వాత కొడుక్కి తెలిసి నవ్వాడు.

"గది ఆడా మగా అడిగెటోళ్ళకమ్మా. మనం అడిగింది జబ్బు సంగతి."

అప్పటికి ఊరు తన లెక్క తాను వేసుకుంది. నడుం నొప్పి వంకతో పట్నం పోయారంటే ఆడా మగా చూపించుకోవడానికేనని.

ఫలితం వచ్చింది. ఈ బిడ్డకూ అదే జబ్బు.

ఆ గురువారం పెద్దపిల్లకు రక్తం ఎక్కించే రోజు. ఒక్క పోకలో రెండు పనులూ అవుతాయని డాక్టరమ్మ దగ్గరికి కూడా ఆ రోజే పెట్టుకున్నాం. కింద పిల్ల దగ్గర కోడలి చెల్లెలిని కూర్చోబెట్టి మేము మేడ ఎక్కాం. మిర్యాలగూడ నుంచి నా పెద్దబిడ్డ కూడా వచ్చింది. ఆమె చర్చికి పోతుంది.

"దేవుడిచ్చిండు. తీసేటందుకు మనమెవ్వలం?" అన్నది.

"అక్కా, పిల్లకు నరం దొరకక నాలుగు దిక్కుల పొడుస్తుంటే పట్టుకునేది మేము," అన్నాడు కొడుకు. "నువ్వు మిర్యాలగూడల కూసొని ప్రార్థన చేస్తవు."

"అల్లునివని ఊకున్న. ఒట్టి తమ్మునివైతే చెంప పగిలేది."

డాక్టరమ్మ చేయి అడ్డం పెట్టింది. "మీరెవరు చెప్పినా నేను చెయ్యను. ఆమె చెప్పాలి." కోడలి వైపు తిరిగింది. "ఇవాళే చెప్పాలని లేదమ్మా. ఆలోచించుకో. ఉంచుకుంటానన్నా నేనే చూస్తా, ఇద్దరు పిల్లలకూ ఏం కావాలో చెబుతా. వద్దంటే అదీ నీ ఇష్టమే."

వీధిలో గణపతి మండపం మైకు మోగుతోంది. కోడలు నేల చూసింది, మొగుణ్ణి చూసింది, తల్లిని చూసింది. చివరికి నా వైపు తిరిగింది.

"అమ్మమ్మా, నన్నేం చెయ్యమంటవు?"

వేరే ఇంటి పిల్లయితే అత్త ఒకటంటే పుట్టింటికి పోతుంది. అక్కడి ముసలిది ఇంకొకటి చెబుతుంది. రెండు మాటల మధ్య తనకంటూ కొంచెం చోటు దొరుకుతుంది. ఈ పిల్లకు ఆ చోటు లేదు. నా దగ్గర్నుంచి పారిపోవాలన్నా నా దగ్గరికే రావాలి. తల్లి ఎదురుగానే ఉంది, కానీ ఆ తల్లిని కన్నదీ నేనే. మా ఇంట్లో నా మాట మీద ఇంకో మాట లేదు. అడిగేటప్పుడు ఆ పిల్లకు అది తెలుసు. జవాబు చెప్పేటప్పుడు నాకూ తెలుసు.

"తీయించుకో బిడ్డా," అన్నాను. "ఒక్కదానికే నరాలు దేవులాడలేక సస్తున్నం."

గోడ గడియారం అప్పుడే చూశాను. కోడలు డాక్టరమ్మతో సరే మేడం అన్నది. నా పెద్దబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది. మర్నాటికి అంతా అయిపోయింది. ఆడో మగో వాళ్ళు చెప్పలేదు, మేము అడగలేదు.

ఎవరైనా నన్ను ఓదారుస్తారని ఇది రాయడం లేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను. రక్తం దొరకని రోజు ఆ పిల్ల పడే ఆయాసం చూసినవాళ్ళు నాతో వాదించొచ్చు, చూడనివాళ్ళతో నాకు మాటల్లేవు. అయినా అది నన్ను వదల్లేదు. జామకాయ కోస్తే ఒక ముక్క పక్కకు పెడతాను, ఎందుకు పెట్టానో తర్వాత తెలుస్తుంది. ఎండలో ఆరేసిన చీర కింద నుంచి ఎవరో దూరినట్టు ఉంటుంది. మొహం కనపడదు. ఏ మొహం పెట్టుకోవాలో నాకూ తెలియదు.

ఒకసారి సూర్యాపేటలో పిల్లతో కోదాడ బస్సెక్కాను. ఆడవాళ్ళకు జీరో టికెట్టు, పైసలు అడగరు. ఎంతమందమ్మా అని కండక్టరు అడిగితే ముగ్గురం అన్నాను.

"ఇద్దరే కనపడుతున్నరు. మూడో ఆమె ఏ బస్సెక్కింది?"

ఆ అబ్బాయి సరదా మనిషి, వదల్లేదు.

"ఆడపిల్లనా, మగపిల్లగాడా? మగోడైతే హాఫ్ టికెట్ కొట్టాలె మరి."

వెనక సీట్లో వాళ్ళు నవ్వారు. నా పక్కన కూర్చున్న పిల్ల కూడా నవ్వింది. దిగేదాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను.

ఊళ్ళో మాట అట్లాగే నిలిచింది. పక్కింటామె ఒకరోజు గోడ మీదుగా అన్నది. "ఆడపిల్లైతే ఏమాయె వదినా? అదే పెరుగుతుండె."

అసలు సంగతి చెప్పబోయాను. నా పెద్దబిడ్డ అక్కడే ఉంది, నా మోచెయ్యి నొక్కింది. దాని చిన్నకూతురికి అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఇంటి రక్తంలో జబ్బుందంటే గడప తొక్కే వాళ్ళుండరు. ఆడపిల్లని తీయించేసిన ఇల్లంటే మాత్రం ఎవరూ వెనక్కి పోలేదు. అది చూశాక ఈ లోకం మీద నాకు మిగిలిన కాస్త మర్యాద కూడా పోయింది. ఆ పిల్లకు పెళ్ళికి ముందే పరీక్ష చేయించాం, దోషం లేదన్నారు. పెళ్ళి కూడా అయిపోయింది. అందుకే ఇప్పుడు నోరు విప్పుతున్నాను.

కానీ అప్పటికే ఊరి మాట మా పిల్ల చెవిన పడింది. పోయిన నెల రక్తం ఎక్కుతుండగా, సీసా వైపు చూస్తూ అడిగింది.

"నానమ్మా, అమ్మ కడుపుల ఆడపిల్లుందని తీసేసిన్రంట."

"ఎవలన్నరు?"

"అందరంటరు."

"కాదు. దానికి గూడ నీ జబ్బే ఉండె. అందుకని."

"నాదేనా?"

"నీదే."

సీసా మీది నుంచి చూపు నా మీదికి తిప్పింది. "నేనున్నప్పుడు సూది ఏసి సూడలేదా?"

"అప్పుడు మాకేం తెల్వది."

"తెలిస్తే?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ పిల్ల నాకు అక్షరాలు నేర్పింది. తప్పు రాస్తే బాగుందని ఏనాడూ అనలేదు.

"తెలిస్తే నిన్ను గూడ వద్దనేదాన్నే కావొచ్చు," అన్నాను. "అప్పటికి నువ్వెవలో నాకు తెల్వది బిడ్డా. ఇప్పుడు తెలుసు."

పిల్ల ఏడవలేదు. నా చేతిలో ఉన్న తన చేతిని వెనక్కి తీసుకోలేదు, కానీ నా చేతి చుట్టూ వేళ్ళు ముడవలేదు. రక్తం చుక్క చుక్కగా దిగుతోంది. సీసా సగమయ్యాక అడిగింది.

"తీసెయ్యమన్నప్పుడు ఆడ ఎవలెవలున్నరు నానమ్మా?"

చెప్పాను. "డాక్టరమ్మ. తలుపుకాడ ఒక నర్సు. మీ నాయన. మిర్యాలగూడ అమ్మమ్మ. మీ అమ్మ, మీ అమ్మ కడుపుల అది. నేను. కింద మీ చిన్నమ్మ. ఆమె పక్కపొంటి మంచం మీద, రక్తం ఎక్కిచ్చుకుంట, నువ్వు."