జ్వరం లేనివాళ్ల రొట్టె

ప్రొద్దుటూరులో మా వీధి చివర బేకరీ నడిపే ఆయన బెంగళూరులో పని నేర్చుకుని వచ్చి, పైన మందంగా పెచ్చు కట్టే రొట్టెలు కాల్చడం మొదలుపెట్టాడు. కొనేవాళ్లు లేరు. ఈ ఆదివారం దాకా చూసి మానేస్తానని నాతో అన్నాడు. నాకు దిగులు పట్టుకుంది. అప్పటికే ఆ పెచ్చు రుచి మరిగి ఉన్నాను.

ఏ పనైనా పద్ధతిగా చేయడం నా అలవాటు. రోజుకో రకం తెచ్చి, ఎడమ దవడతో ఒక ముక్క, కుడి దవడతో ఒక ముక్క నమిలి, మధ్యలో నీళ్లు పుక్కిలించి, రుచి డైరీలో రాసుకునేవాణ్ని. గోధుమది వేయించిన వేరుశనగ వాసన. రాగులది సంగటి గిన్నె అడుగున గోకి తినే మాడు. పొడుగుది చేత్తో పట్టుకుని వస్తుంటే వీధి కుక్కలు పక్కకు తొలిగాయి. దానికి కత్తి దిగకపోతే మా ఆవిడ కత్తిపీట ముందుకు తోసింది.

చిక్కల్లా ఏమిటంటే, మా వైపు బ్రెడ్డు జ్వరం వచ్చినవాళ్ల తిండి. పాలల్లో ముంచి రోగికి పెడతారు. రోజూ బ్రెడ్డు మోసుకుపోయేవాడి ఇంట్లో ఎవరో మంచం పట్టినట్టే లెక్క. ఎవరికీ ఏమీ లేదని నేను ఎంత గట్టిగా చెబితే, జబ్బు అంత పెద్దదని వీధిలో అనుకున్నారు. పులివెందులలో ఉన్న మా వదిన ఫోన్ చేసింది. మా ఆవిడే ఎత్తి బాగున్నానంటే, ఎంత ధైర్యమో పాపం అని ఏడ్చింది.

ఆదివారం జమ్మలమడుగు నుంచి మా బామ్మర్ది బత్తాయిలతో, ఫ్లాస్కులో జావతో దిగాడు. వెనకే పక్కింటాయన లేత టెంకాయలు పట్టుకొచ్చాడు. మా ఆవిడ రోట్లో మసాలా దంచుతోంది.

"ఏందక్కా, లేసి తిరుగుతాండావు? పండుకో," అన్నాడు బామ్మర్ది.

"నాకేమైందిరా? మీ బావకే రొట్టె పిచ్చి పట్టింది."

వాడు వెంటనే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జావ తాగేదాకా నన్ను వదల్లేదు.

వచ్చినవాళ్లను తినకుండా పంపడం మా ఆవిడకు చేతకాదు. సంగటి ఇద్దరికే కెలికింది. అందుకని ఆ రోజు నేను తెచ్చిన రొట్టె ముక్కల మీద నాటుకోడి పులుసు పోసి అందరి ముందూ పెట్టింది. పైన పెచ్చు కరకరలాడింది, లోపలి మెత్తటి భాగం పులుసంతా పీల్చుకుంది. పక్కింటాయన ఇంకో ముక్క వేయించుకున్నాడు.

"శానా బాగుందమ్మా. కొంచెం పుల్లంగ ఉందే?" అన్నాడు పక్కింటాయన.

"దోసెపిండి మాదిరి పులియబెడతాడంట. పాలల్లో ఏస్తే యాడ నానుతుంది? ఇది రోగులు తినేది కాదన్నా. నమిలేకి పండ్లు గట్టిగుండాల," అంది మా ఆవిడ.

పక్కింటాయన చెయ్యి కడుక్కుని నేరుగా బేకరీకి నడిచాడు. నేనూ, బామ్మర్దీ వెంటపడ్డాం. జరమొచ్చినోళ్లది కాకుండా కోడి పులుసులోకి తినేది ఇమ్మని ఆయన అడిగితే, బేకరీ ఆయన నా వైపు చూశాడు. నేను విషయమంతా మొదటి నుంచి వివరించాను. మిగిలిన రొట్టెలన్నీ ఆ ఇద్దరే పంచుకున్నారు.

బేకరీ ఆయన రొట్టెలు మానలేదు. బెంగళూరు పేర్లు తీసేసి, 'కోడి పులుసు రొట్టె' అని అట్టముక్క వేలాడదీశాడు. ఇప్పుడు ఆదివారాలు చికెన్ అంగడి నుంచి జనం సంచులతో సహా అక్కడికే వస్తారు. పోయిన వారం నా వంతు వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. అదీ ఎవరో చెప్పి పెట్టుకున్నారట. మా ఆవిడకు ఒంట్లో బాగాలేదని బతిమాలాను.

"ఇది రోగులకు పనికి రాదు సార్," అన్నాడాయన.