మా అత్త గల్లీలో చప్పుడు కొలిచిన ముచ్చట

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా తెలివితేటల గురించి రాసిన ముక్క కాదు. చెప్పాల్సిన నాలుగు మాటలు సరిగ్గా చెప్పక, చూడకూడని పూట క్రికెట్ చూసి, ఒక గల్లీ మొత్తం నిద్రకు ఎసరు పెట్టిన మొనగాడి కథ. ఆ మొనగాడు నేనే. ఇప్పుడంటే నలుగురిలో చెప్పుకుని నవ్వుతున్నాను కానీ, ఆ రోజు భూమి చీలితే అందులో దూకేవాణ్ని. షాద్‌నగర్ భూముల ధరలు తెలుసు కాబట్టి, చీలినా నాబోటివాడికి జాగా దొరకదని ఊరుకున్నాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నల్గొండలో ఎమ్మెస్సీ ముగించి, ఒక చిన్న కన్సల్టెన్సీ కంపెనీలో చేరాను. అప్పుడు నగరం శివార్ల నుంచి షాద్‌నగర్ దాకా తేలికపాటి రైలు వేద్దామనే ఆలోచన ఒకటి నడుస్తోంది. వేసే ముందు దారిలో ఉన్న చెట్లు, కుంటలు, గాలి, చప్పుడు అన్నీ చూసి నివేదిక రాయాలి. రాసింది జనం ముందు పెట్టి మీరేమంటారని అడగాలి. అందులో నా వంతుకు చప్పుడు వచ్చింది. చేయడం కాదు, కొలవడం.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నిలబడింది. ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్నచోటికి రైలు వస్తే జనానికి ఇబ్బంది, కాబట్టి అక్కడ పట్టాల పక్కన చప్పుడు ఆపే గోడ కట్టాలి. ఇప్పటికే గోలగా ఉన్నచోట రైలు వచ్చినా తేడా తెలియదు, కాబట్టి గోడ అక్కర్లేదు. ఇంతే.

లైను సరిగ్గా మా యాదమ్మ అత్త ఇంటి వెనక నుంచి పోతుందని పటంలో చూసి నేను సంబరపడ్డాను. యాదమ్మ అత్త మా నాయినకు సొంత చెల్లె. ఆమె పెనిమిటి సత్తయ్య మామ ఊళ్లో గొర్లమ్మేసి షాద్‌నగర్ పక్కన పైపుల ఫ్యాక్టరీలో చేరాడు. అప్పటి నుంచీ రాత్రి డ్యూటీయే. మామ ఒక్కడే కాదు, ఆ గల్లీలో ఇంటికొకరు రాత్రి డ్యూటీకి పోయేవాళ్లే. పొద్దున్నే వచ్చి, తిని, పడుకుంటారు. అందుకే అక్కడ పగటిపూట ఒక కట్టడి ఉంది. కూరగాయల బండాయన గల్లీ మూల మీదే మైకు బంద్ చేసి, గడప గడపకూ వచ్చి చెవిలో చెప్పినట్టు "టమాట, వంకాయ" అంటాడు. కుక్కర్ పెట్టాలంటే జనం నిద్ర లేచేదాకా ఆగాలి. కొత్తగా కిరాయికి దిగిన వాళ్లకు ఇంటాయన కరెంటు బిల్లు కంటే ముందు ఈ సంగతే చెబుతాడు.

ఇలాంటి గల్లీలో చప్పుడు కొలిస్తే ఏం రావాలి? గోడ రావాలి. వచ్చేదే. నేను మధ్యలో లేకపోతే.

ఒక ఆదివారం పొద్దున్నే మిషిన్ తీసుకుని పోయాను. మూడు కాళ్ల స్టాండు, దాని మీద చిన్న డబ్బా, డబ్బా కొసకు గాలి తగలకుండా నల్లటి స్పాంజి ఉండ. అచ్చం టీవీ వాళ్ల మైకులాగే ఉంటుంది. అత్త వాకిట్లో నిలబెట్టి స్విచ్ వేశాను. సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చుని, ఎప్పుడు ఏ చప్పుడైందో పుస్తకంలో రాయాలి. అది రూలు.

"గిదేంది అల్లుడా?" అంది అత్త.

"మన గల్లీల ఎంత సప్పుడున్నదో సర్కారుకు చెప్పే మిషిన్ అత్తా."

"రైలొస్తె మనకేం తక్లీఫ్ అయితదో గిది చెప్తదా?"

"దీన్ని బట్టే రాస్తరు. గోడ కట్టాల్నా వద్దా అన్నది గూడ దీంతోనే తేల్తది."

"అంటే సర్కారు ఇంటదన్నమాట."

"ఇంటది మరి," అన్నాను, గొప్పగా.

చూశారా, ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అదే నా ఖర్మ. అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు.

ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉంది. బస్టాండు దగ్గర మొబైల్ షాపు నడిపే దోస్తు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఈ నిద్రపోయే గల్లీలో రాయడానికి ఏముంటుందిలే అనుకున్నాను. "అత్తా, జర దీన్ని చూసుకో, ఎవరూ ముట్టకుండ. నేను గిట్ల పోయి గట్లొస్త," అన్నాను. "నాకు ఇడిశిపెట్టు కొడుకా, నువ్వు ఫికర్ జెయ్యకు," అంది. గిట్ల పోయినవాణ్ని మ్యాచ్ అయిపోయాక గట్ల వచ్చాను. మిషిన్ పెట్టినచోటే ఉంది. అత్త మొహంలో పెద్ద పని చక్కబెట్టిన తృప్తి ఉంది. నా మీద ప్రేమ అనుకుని, ఆమె పెట్టిన అన్నం తిని వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో మూర్తి సారు పిలిచాడు. మా పై అధికారి, రాజమండ్రి వైపు మనిషి. కంప్యూటర్లో గీత చూపించాడు. పొద్దున కాసేపు నేల మీద పాకిన గీత, తర్వాత ఒక్కసారిగా లేచి, సాయంత్రం దాకా కిందికి దిగలేదు.

"ఏమయ్యా మల్లేశం, ఇదేం గల్లీ? బస్టాండు కన్నా గోలగా ఉంది. ఆ రోజు పెళ్లేమైనా జరిగిందా?"

నాకూ దిమ్మ తిరిగింది. ఏం జరిగిందో తెలియదంటే, నువ్వెక్కడున్నావంటాడు. మ్యాచ్ సంగతి బయటపడుతుంది. కొత్త ఉద్యోగం.

"పెళ్లేం లేదు సార్. గా గల్లీ రోజూ గట్లనే ఉంటది," అన్నాను.

"నువ్వు పక్కనే ఉన్నావుగా?"

"ఉన్న సార్."

"మరి పుస్తకంలో ఏమీ రాయలేదే?"

"గంత లొల్లిల ఏం రాయాల్నో సమజ్ కాలే సార్."

మూర్తి సారు నమ్మాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. ఇక్కడ చేసింది నేను, అనుభవించేది మా మామ. నివేదికలో ఆ గల్లీ పేరు దగ్గర "ఇప్పటికే శబ్దం అధికం, గోడ అవసరం లేదు" అని పడింది. కింద నా సంతకం కూడా పడింది. మనసులో పురుగు తొలిచింది. రేపు మాపు వెళ్లి అత్తను అడుగుదామనుకున్నాను. ఏమడిగినా నేను లేనన్న సంగతి ఆమె నోటి నుంచి నలుగురికీ పోతుందని భయపడి ఆగిపోయాను. నిజం చెప్పి ఉంటే ఒక్కరోజు తిట్లతో పోయేది.

కొన్ని నెలలకు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. షాద్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు, వేదిక మీద సర్కారు తరఫున సభ నడిపే పెద్ద మేడం, ఆమె పక్కన మూర్తి సారు. గోడ వారగా ఫైళ్లు పట్టుకుని నేను. జనం బాగానే వచ్చారు. మా అత్త గల్లీ అయితే మొత్తం దిగింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మామ, ఆయన వెంట మరో పదిమంది, ఎర్రటి కళ్లతో ముందు వరుసలో కూర్చున్నారు. అత్త నన్ను చూసి, నేనున్నా కదా అన్నట్టు తలూపింది.

ఒక్కో ఊరు, ఒక్కో వాడ చదువుతున్నారు. కుంట పోతుందని ఒకరు, దారి మూసుకుపోతుందని ఒకరు లేచి చెబుతున్నారు, మేడం రాయిస్తోంది. మా గల్లీ వంతు వచ్చింది. గోడ అవసరం లేదని చదివారు. చదివింది పుస్తకాల తెలుగు కావడంతో సగం మందికి అర్థం కాలేదు.

"ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా?" అంది మేడం.

ముందు వరుసలో ఒక్కరూ కదల్లేదు. చేతులు కట్టుకుని, బుద్ధిగా కూర్చున్నారు.

"ఎవరూ లేరా? అయితే లేదని రాసుకోండి."

ఏ తుమ్మ ముల్లో గుచ్చుకున్నట్టయింది నాకు. ఫైళ్లు కింద పెట్టి, వంగి వంగి అత్త దగ్గరికి పోయాను.

"అత్తా, గట్ల కూసున్నరేంది? లేసి చెప్పున్రి. గోడ లేదంటున్రు."

"మల్లెందుకు కొడుకా? నీ డబ్బాల చెప్పినం గద, పొద్దుగాల నుంచి పొద్దుమీకిందాక."

"ఏం చెప్పిన్రు?"

"అంత చెప్పినం. గల్లీ గల్లీని నిద్ర లేపి, లైను గట్టిచ్చిన. మామ లుంగీ మీద్నే వచ్చి చెప్పిండు, నిద్ర లేకుంటె ఫ్యాక్టరీ మిషిన్ల చెయ్యి పడ్తదని. మన లచ్చవ్వకు చెవుడు గద, ఆమె జర గట్టిగ చెప్పింది. పనిల పనిగ పింఛన్ సంగతి గూడ చెప్పుకున్నది. ఎనక నిలబడ్డోళ్లు మాది గూడ ఇనాలె అని ఇంకింత గట్టిగ చెప్పిన్రు."

నాకు అప్పుడు అర్థమైంది ఆ గీత ఎందుకు లేచిందో. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా అత్త గల్లీలో అరుపు పూర్తి అంగీకారమై కూర్చుంది. మాకు చప్పుడు వద్దు మొర్రో అని వాళ్లు ఎంత గట్టిగా అరిస్తే, వీళ్లకు చప్పుడు అలవాటే అని ఆ డబ్బా అంత గట్టిగా రాసుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా నయమే, వాడు కనీసం శంఖాన్ని తప్పుగా లెక్కరాయడు.

ముందు వరుసలో మామ కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఆయన చేతుల వంక చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇంకేమీ ఆలోచించకుండా మైకు దగ్గరికి పోయాను.

"మేడం, అభ్యంతరం ఉన్నది. నాది."

"నువ్వు కంపెనీ మనిషివి గదయ్యా."

"అందుకే మేడం. గా సప్పుడు గల్లీది కాదు. సప్పుడు వద్దని వాళ్లు మిషిన్‌కు చెప్పుకున్న సప్పుడు."

హాలు పడిపడి నవ్వింది. మూర్తి సారు నవ్వలేదు.

"మరి ఆ రోజు నువ్వెక్కడున్నవ్?" అంది మేడం.

"క్రికెట్ చూస్తున్న మేడం."

"ఎవరు గెలిచిన్రు?"

"మనోళ్లు ఓడిపోయిన్రు మేడం."

"మంచిగయింది," అని, మళ్లీ కొలవమని రాయించింది. అత్త మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు లాగి అడిగింది.

"అయితే గది మాటలు ఇనదా?"

"ఇనదత్తా. సప్పుడే ఇంటది."

"మాకు తక్లీఫ్ ఉన్నదని ఒర్లితె, ఒర్లుతున్రు కాబట్టి తక్లీఫ్ లేదని రాసిందా?"

"ఆఁ."

"ఇంటదని ఎందుకు చెప్పినవ్ర మరి?"

కింద పెట్టిన ఫైళ్లు ఏరుకునే వంకతో పక్కకు జరిగాను. మూర్తి సారు నా జీతం కోస్తానన్నాడు, మళ్లీ కొలిచే పని కూడా నాకే శిక్షగా వేశాడు. పక్కనుంచి కదిలితే ఉద్యోగం ఉండదన్నాడు.

వారం తిరక్కముందే మళ్లీ అదే వాకిట్లో మిషిన్ పెట్టాను. "రోజూ ఎట్లుంటరో గట్లనే ఉండున్రి," అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. మామూలుగానే ఆ గల్లీ పగలు సద్దు చేయదు. ఆ రోజు మరీ. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. అత్త కోళ్లను గంప కింద మూసింది. నాతో సైగలతోనే మాట్లాడింది, అందులో సగం తిట్లని మొహం చూస్తే తెలుస్తోంది. మధ్యాహ్నం స్టీలు పళ్లెం మోగుతుందని ఇస్తరాకులో అన్నం పెట్టింది. కోపం ఎంత ఉన్నా కోడికూర మాత్రం తగ్గించలేదు. ఆమె గుణం అది.

కడుపు నిండింది. గల్లీ నిండా నిశ్శబ్దం. గడప పక్కన మంచం వాల్చి ఉంది. మిషిన్‌ను కనిపెట్టుకుని, దాని పక్కనే, కదలకుండా ఉన్నాను. అంతవరకు నాకు గుర్తుంది.

మళ్లీ సభ పెట్టి కొత్త నివేదిక చదివారు. ఈసారి అత్త పట్టుబట్టి వాడుక మాటల్లో చెప్పించుకుంది. గల్లీ చాలా ప్రశాంతంగా ఉందని, కాబట్టి గోడ రాశామని మేడం చెప్పింది. ముందు వరుస చప్పట్లు కొట్టింది. తర్వాత ఆమె కళ్లజోడు సర్దుకుని కింద ఉన్న చిన్న అక్షరాలు చదివింది.

"మధ్యాహ్నం గంటసేపు మాత్రం శబ్దం పరిమితి దాటినది. కారణం, కంపెనీ ఉద్యోగి గురక."

ఈ వాక్యం రాసింది మూర్తి సారు, ఆ గంట ఏం జరిగిందో మా అత్తకు ఫోన్ చేసి కనుక్కుని. ప్రతీకారం ఇంత చక్కటి తెలుగులో తీర్చుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. హాలు నవ్వు ఆగేదాకా మేడం ఓపిగ్గా కూర్చుని అడిగింది.

"ఎవరికైనా ఇంకేమైనా అభ్యంతరం ఉన్నదా?"

ఈసారి మా అత్త లేచింది. కొంగు సర్దుకుని, మైకు దగ్గరికి పోయి, గొంతు సవరించుకుంది.

"రైలుకు గోడ రాసిన్రు, మంచిగున్నది మేడం. రైలు ఎప్పుడొస్తదో ఏమో. మా అల్లుడు పండుగకు పబ్బానికి వస్తనే ఉంటడు. ముందుగాల ఆయనకొక గోడ రాయున్రి."

మేడం ఏం రాయించిందో నేను వినలేదు. అప్పటికి ఫైళ్లతో సహా వంటశాల తలుపులోంచి బయటపడ్డాను.

ఆ వంటశాల గుమ్మంలో నిలబడి, ఉడుకుతున్న టీ గిన్నె సాక్షిగా ఒక ప్రతిజ్ఞ చేశాను. జనం ముందు ఏ యంత్రం పెట్టినా అది ఏం వింటుందో, ఏం వినదో ముందు చెబుతాను. నేను లేనిచోట ఉన్నానని సంతకం పెట్టను. డ్యూటీలో ఉండగా కోడికూర ముట్టను. ఇందులో మొదటి రెండూ ఈనాటికీ తప్పలేదు. మూడోది ఇంకా ముసాయిదా దశలోనే ఉంది. దాని మీద అభ్యంతరాలున్నవాళ్లు కాగితం మీద రాసి పంపవచ్చు. మా అత్తవి మాత్రం నేరుగా నా మొహం మీదే అందుతున్నాయి.