ఐర్లండు సరస్సు దగ్గర మామా

కువైట్‌లో ఇంటిపని చేసే మా పాలకొల్లు చెల్లెమ్మ తన ముసలి యజమానురాలిని 'మామా' అంటుంది, అంటే అమ్మా అని. అక్కడి పనమ్మాయిలందరూ అంతే. కానీ మా చెల్లెమ్మ గొంతెత్తితే సముద్రంలో ఓడలు ఆగుతాయి.

వేసవిలో ఆ ఇంటివాళ్లతో ఐర్లండు వెళ్లింది. సరస్సు చుట్టూ కాలిబాటలో నడుస్తుంటే, పొగమంచులో మామా తప్పిపోయింది.

"నీళ్లల్లో పడిపోయిందేమోనని నా ప్రాణం పోయిందన్నయ్యా! 'మామా, మామా' అని ఒకటే ఏడుపు."

నడకకొచ్చిన వందమంది, చెల్లెమ్మ లెక్కలోనైతే ముగ్గురే, పాపం కన్నతల్లే తప్పిపోయిందనుకొని ఆమె పోలికల మనిషి కోసం వెతికారు. బెంచీమీద తీరిగ్గా కూర్చున్న అరబ్బు ముసలమ్మనీ అడిగారు: "ఆ అమ్మాయి వాళ్లమ్మ కనిపించిందా?"

ముసలమ్మ నవ్వింది. "యల్లా, త్వరగా ఇలా రమ్మనండి. వాళ్లమ్మ నేనే."