నలభై రోజులు కదలని బండి

నాన్న ఫొటో దగ్గర ఇప్పుడే దీపం పెట్టి వచ్చాను. నా చేతికి ఇంకా ఆ నూనె జిడ్డు ఉంది. ఈ చేత్తో అబద్ధం రాయను. నమ్మకపోతే మానెయ్యండి... నమ్మనివాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

మాది ఖరగ్‌పూర్. ట్రాఫిక్ అనే పేటలో రైల్వే క్వార్టర్, అన్నయ్య పేరు మీద ఉంది. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక ఒక పాత ట్రక్కు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే రకం, ఎంత బురదలోంచైనా బయటికొచ్చేది. గోల్‌బజార్ నుంచి పల్లెలకు సరుకు తోలేవాడు. నేను టెన్త్ తప్పి ఇంట్లో కూర్చుంటే, "సదువు రాకపోతే ఏటైనాది, పానా పట్టుకో" అని బండి కిందకి లాక్కెళ్లాడు. నా గోళ్ల నిండా గ్రీజే. నాకు అదే గొప్ప.

వెనక చక్రాల మధ్య గుండులా ఇనప డబ్బా ఒకటి ఉంటుంది. డిఫరెన్షియల్ అంటారు. అందులో చిక్కటి నూనె. అది చక్రంలోకి కారిపోకుండా ఇటో రబ్బరు సీలు, అటో రబ్బరు సీలు. ఎడమ వైపు సీలు కారుతుంటే నేనే మార్చాను. మళ్లీ కారింది. మళ్లీ మార్చాను. మూడోసారి కూడా.

"సరిగ్గా కూసుందా?" అన్నాడు నాన్న.

"కూసుంది నాన్నా."

దీపావళి నాటి కాళీపూజ అయిన వారానికి, సరుకు నిండా వేసుకుని వస్తుంటే బండి ఆగలేదు. చెట్టుకి గుద్దేసింది. నాన్న అక్కడే...

మెకానిక్ వచ్చి ఎడమ చక్రం విప్పాడు. లోపల బ్రేకు మొత్తం నూనెలో నానిపోయి ఉంది. మా అన్నయ్య రమణ నా వైపు తిరిగాడు. చుట్టూ కాలనీ అంతా ఉంది.

"సూసినావా? నీ సీలే మింగేసింది నాన్నని."

నలభై రోజులు ఆ మాటతోనే అన్నం తిన్నాను. బండి ఇంటి వెనక పాత రైలుపట్టాల స్లీపర్ చెక్కల మీద, చక్రం లేకుండా, అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అన్నయ్య దాన్ని తుక్కు కింద అమ్మేశాడు. మర్నాడు పొద్దున్నే లారీ వచ్చి పట్టుకుపోతుందన్నాడు. అందుకే నాకు ఆ ఒక్క రాత్రే మిగిలింది.

కిందకి దూరుతుంటే వెనక అడుగుల చప్పుడు. వదిన. చేతిలో టార్చి.

"ఏటే సంతోసీ, బండి కింద కాపురం పెట్టేసినావా?"

"పొద్దున్న పట్టుకుపోతారు వదినా. సీలు సూడాలి."

"సూసి ఏటి సేస్తావు? మావయ్య లెగిసొస్తారా?"

"నాను సంపినానో నేదో తెలియాలి గదా."

వదిన శాలువా బిగించుకుని పక్కన చతికిలబడింది. "బేగి కానీ. మీ అన్న సూసినాడంటే మనిద్దర్నీ కూడా తుక్కులో వేసేస్తాడు."

ఇద్దరం నవ్వాం. నిజంగానే నవ్వాం.

చలి. ఇనుము ముట్టుకుంటే వేళ్లు కొరికేస్తోంది. నాన్నకి ఒక పద్ధతి ఉండేది. కారేచోట కిరసనాయిలుతో తుడిచి, ఆరనిచ్చి, పైన ముగ్గుపిండి జల్లేవాడు. బండి కాస్త తిప్పి తెస్తే, పిండి ఎక్కడ తడిసిందో అక్కడే లీకు. ఆగిపోయిన బండికి అది పనికిరాదు. నాకూ తెలుసు. కానీ ఇంకేం చెయ్యాలో తెలియక తుడిచాను... జల్లాను... సీలు చుట్టూ తెల్లగా ముగ్గు వేసినట్టే ఉంది.

దూరంగా రైల్వే యార్డులో పెట్టెలు ఢీకొన్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఏమీ లేదు...

"సంతోసీ." వదిన గొంతు మారింది. "కారతందే."

పిండి నల్లబడుతోంది. కింది అంచున... సన్నగా... చుక్క కట్టింది. రాలింది. ఇంకోటి.

"కారదు వదినా. సల్లారిన బండి. వేడెక్కితేనే లోపలి గాలి ఉబ్బి నూనెని తోస్తాది."

"మరిదేటి?"

గుండు మీద చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

నాన్న లోడు దించి వచ్చి, బండి ఆపగానే ఉంటుందే... ఆ వేడి. వదిన చెయ్యి లాగి దాని మీద పెట్టాను. "అమ్మా" అని వెనక్కి తీసేసుకుంది.

అప్పుడు తట్టింది నాకు. లోపలి గాలి పోవడానికి పైన చిన్న కన్నం ఉంటుంది. బ్రీదర్. అది మూసుకుపోతే ఎంత మంచి సీలైనా నిలవదు. మూడు సీళ్లు మార్చాను, దాని వైపు ఒక్కసారీ చూడలేదు. తడిమాను. కన్నం దొరకలేదు. నున్నగా ఉంది. టార్చి పట్టమన్నాను.

సిల్వర్ పెయింటు.

సెప్టెంబరులో బళ్లకీ పనిముట్లకీ చేసే విశ్వకర్మ పూజకి మా ఊళ్లో బండి మెరవకపోతే పరువు పోతుంది. అన్నయ్య డబ్బా తెచ్చి, కింద ఇరుసు దాకా దట్టంగా పూసేశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది నేనే. సీలు కారడం మొదలైంది ఆ పూజ తర్వాతే...

పిన్నీసు తీసి గుచ్చాను.

హా......

గాలి పోయిన చప్పుడు నాకు తెలుసు. టైరు సుయ్‌మంటుంది. ఇది అలా లేదు. బస్తా దించి, గుమ్మంలో కూలబడిన మనిషి వదిలే ఊపిరిలా ఉంది. పొడుగ్గా... అలిసిపోయి... నా ముఖం మీదకి. కాలిన నూనె వాసన.

ఆగింది.

తర్వాత... లోపలికి పీల్చుకుంది. నా వేళ్ల మధ్య పిన్నీసు కదిలింది.

అంతే. చుక్క ఆగిపోయింది. నా అరచేతి కింద ఇనుము చల్లబడుతూ... చల్లబడుతూ... మళ్లీ వేళ్లు కొరికింది.

వదిన పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఇన్నావా వదినా?"

"ఇన్నాను."

"పెయింటు సూసినావా?"

"సూసినాను. మీ అన్న పూసిందే." ఆ మాట ఆవిడే అంది, నేను అనిపించలేదు.

పొద్దున్న అన్నయ్యని బండి కిందకి తీసుకెళ్లాను. కన్నం చక్కగా తెరుచుకుని ఉంది. దాని మీది పెయింటు పొర ఏది? రాత్రి పిన్నీసుతో గుచ్చి, ఆపైన గోటితో గీకి, దుమ్ములో కలిపేసింది నేనే.

అన్నీ చెప్పాను. అన్నయ్య అరవలేదు. అరిచినా బాగుండేది.

"నలభై రోజులు కదల్ని బండి. వేడెక్కడిది? గాలెక్కడిది? నువ్వు ఫిట్టరువి గదా, సెప్పు."

 వాడు అడిగింది సరైన ప్రశ్నే.

"వదిన్ని అడుగు."

వదిన కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. "ఏటే, నువ్వున్నావా అక్కడ?" అన్నాడు. ఆవిడ వాడి ముఖం చూసింది. తర్వాత చేతిలో గిన్నె చూసింది.

"నాను పడుకున్నాను. నాకేటి తెల్సు."

లారీ వచ్చింది. గొలుసులు వేసి లాక్కుపోయారు.

వదినని తిట్టుకుందామనుకుంటాను. కుదరదు. మొగుడే కన్నతండ్రిని చంపాడని ఒప్పుకుని, ఆ మొగుడికే అన్నం వడ్డించాలంటే ఎవరికి చేతనవుతుంది? నేనైతే పెళ్లి కావలసిన దాన్ని, ఎలాగూ పోయేదాన్ని. ఆ నేరం నాతో పోతే ఇల్లు నిలుస్తుంది.

కానీ నాకే తేలడం లేదు. ఆ ఊపిరి నిజమైతే నా చేతులు శుభ్రం. మరి ఆగిపోయిన బండిలో అది ఉండటానికి వీల్లేదు. అది నిజం కాకపోతే... ఆ వేడి ఏమిటి? నాన్నా? లేక నాకు కావలసిందే నాకు వినపడిందా? అలా అయితే వదిన ఎందుకు వణికింది?

మొన్న నాకు అన్నం వడ్డిస్తూ, అన్నయ్య లేకుండా చూసి, వదిన వంగి మెల్లగా అడిగింది.

"సంతోసీ... ఆ సప్పుడు నీకింకా ఇనిపిస్తందా?"

ఆ రోజు ఆవిడ గిన్నెని చూసినట్టే, నేను తల ఎత్తకుండా కంచంలో అన్నం చూస్తూ కలుపుకున్నాను.

"ఏ సప్పుడు వదినా?" అన్నాను.