పసుపు నీళ్లతో కడిగిన కారు

మా ఆయనకు కారు తోమడమంటే పిచ్చి. ఆ మాట ఆయన మొహం మీదే అనేదాన్ని. మా మామ తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. కొడుకేమో చెట్టెక్కే మోకు ముట్టనంటే ముట్టనని మొండికేసి స్టీరింగ్ పట్టుకున్నాడు. కోరుట్లలో మా వాకిట్లో నిలబడే ఆ పాత తెల్ల అంబాసిడర్ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెళ్లికారు.

ఎండెక్కకముందే కడిగి, సిరిసిల్లలో బట్ట నేసే సాంచెల దగ్గర్నుంచి తెచ్చుకున్న నూలు చిక్కుతో తడి లేకుండా తుడిచేవాడు. డబ్బాలో మైనం పాలిష్ పాత ధోతి గుడ్డకు రాసుకుని, డోరు మీద చిన్న చిన్న చుట్లుగా రుద్దేవాడు. అది ఆరి తెల్లగా మసకబారేదాకా ఓపిక పట్టి, అప్పుడు పొడిగుడ్డతో తీసేవాడు. అందులో నా మొహం కనపడేది.

"చూస్కో, నీకు అద్దం కొనిచ్చే పని తప్పింది" అనేవాడు.

"గంత ఇష్టముంటె దాన్నే చేసుకోకపోయినవ్, నన్నెందుకు చేసుకున్నవ్?" అనేదాన్ని. పకపకా నవ్వేవాడు.

ఆ మనిషికి ఒకే ఒక్క కోరిక. "ఊరోళ్ల ఆడపిల్లలందరిని అత్తగారిండ్లల్ల దింపిన. నా చెల్లెను దింపేనాడు చూడు, బండి ఎట్లుంటదో!" అని ఎప్పుడూ అనేవాడు. చివరికి ఆమెకు ముస్తాబాద్‌లో సంబంధం కుదిరింది. ఆ రోజు నుంచి ఆయన కాలు నేల మీద నిలవలేదు.

అవి అన్నల రోజులు, నక్సలైట్ల కాలం. పగలు పోలీసులు, పొద్దు గూకితే అన్నలు. బండి ఉన్నవాడు ఎవరు చెయ్యెత్తినా ఆపాలి, ఎక్కడికంటే అక్కడికి పోవాలి. పెళ్లికి కొన్నాళ్ల ముందు మా ఆయన బీర్పూర్ దిక్కు కిరాయికి పోయి ఖాళీ బండితో వస్తుంటే పోలీసులు ఆపారు. ఎన్‌కౌంటర్ జరిగిందట, వాళ్ల జీపు చెడిపోయిందట. టార్పాలిన్‌లో చుట్టిన శవాన్ని వెనక సీటు మీద పడుకోబెట్టి, జగిత్యాల ఆసుపత్రికి నడపమన్నారు. కాదనే దమ్ము ఎవరికుంటుంది?

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు నోరు విప్పాడు.

"ఆడిపొల్లనే. మన చెల్లె ఈడుదే ఉంటది. కాళ్లు గుడ్డల పట్టలే. మలుపు తిరిగినప్పుడల్ల డోరుకు తగులుతుండె."

ఎవరికీ చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం.

చెప్పకపోతే ఏం లాభం? తెల్లారి లేచేసరికి సీట్లన్నీ ఊడదీసి వాకిట్లో పరిచాడు. బకెట్లకొద్దీ పసుపు కలిపి పోస్తున్నాడు. మా దగ్గర పండక్కి గడపకు పసుపు రాస్తారు. బకెట్లతో పసుపు నీళ్లు పోసి కడిగేది మాత్రం చావు మైల పోవడానికే. ఆ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఓ దేవుడా! ఏం చేస్తున్నవయ్యా? ఒట్టి నీళ్లు చాలవా? నలుగురు చూడరా?" అని మీద పడ్డాను.

"చూడనీయే. గా పొల్లకు సుత ఎవ్వలో ఒకలు నీళ్లు పొయ్యాలె గద" అన్నాడు.

పసుపు నీళ్లు వాకిలి దాటి మోరీలో పడి వీధంతా పారాయి.

ఆ తర్వాత వేములవాడ రాజన్న దగ్గరికి తీసుకుపోయి బండికి పూజ చేయించాడు. కొత్త సీటు కవర్లు కుట్టించాడు. మిగిలిన రోజులన్నీ పాలిష్ పెట్టడమే. వద్దంటే వినడు గనుక నేనూ తిట్టుకుంటూనే ఒక గుడ్డ పట్టుకున్నాను. మరకలు తీసే కిరసనాయిలుకు, రాపిడికి ఆయన వేళ్ల తోలు లేచిపోయింది. ఎంత మెరిసినా ఆయనకు చాలేది కాదు.

"ఏంది పిల్లా, మీ ఆయన బండిని గింతగనం తోముతుండు? ఏమన్న అయిందా?" అంది పక్కింటామె.

"చెల్లె పెండ్లి గద అక్కా" అన్నాను. ఆమె మోరీ వంక చూసింది. జగిత్యాల ఆసుపత్రి దగ్గర మా కారును చూసినవాళ్లు ఎలాగూ ఉన్నారు. పసుపు నీళ్ల మాట, ఆసుపత్రి మాట కలిసి ముస్తాబాద్ దాకా పోయాయి.

పెళ్లి అయింది. అప్పగింతలయ్యాయి. బంతిపూలు, మల్లెపూలు చుట్టిన కారు దగ్గరికి ఆడబిడ్డను తీసుకొస్తుంటే పెళ్లికొడుకు తండ్రి అడ్డొచ్చాడు.

"ఏమనుకోకయ్యా. పొల్లను మా వ్యాన్ల తీస్కపోతం."

మా ఆయన చేతులు జోడించాడు. "కడిగిన మామా. పూజ చేపిచ్చిన. ఒక్కపారి ఎక్కనీయుండ్రి."

వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మా అత్త వైపు చూశారు. ఆమె సరేనంటే వాళ్లూ సరేననేవాళ్లే. ఆమె కొంగుతో కండ్లు ఒత్తుకుని, "వద్దు కొడుకా. నా బిడ్డ సల్లగుండాలె. గా బండ్ల వద్దు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ కొడుకు చేతులెట్లున్నయో చూసినవా అత్తా?" అని అరిచాను. ఆమె చూడలేదు. ఆడబిడ్డ కారు డోరు పట్టుకుని, "నేను అన్న బండ్లనే పోత" అని ఏడ్చింది. తల్లే ఆ చెయ్యి విడిపించి వ్యాన్ ఎక్కించింది.

వ్యాన్ కదిలింది. మా ఆయన ఖాళీ కారెక్కి, దాని వెనకే పోనివ్వబోయాడు. నేను పరుగెత్తి వెనక డోరు తీసి ఎక్కి కూర్చున్నాను. ఆ పిల్ల తర్వాత ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. అయినా కూర్చున్నాను. వ్యాన్ లేపిన దుమ్మంతా మా కారు మీదే పడుతోంది.

రుద్రంగి దగ్గర అడిగాడు. "వాసనేమన్న అస్తున్నదా?"

"లేదు. మల్లెపూల వాసన, మైనం వాసన. గంతే."

నిజంగా ఇంకేం లేదు, ఒట్టు. వేములవాడలో మళ్లీ అడిగాడు. సిరిసిల్లలో మళ్లీ అడిగాడు. అదే చెప్పాను. ముస్తాబాద్ ఇంకాస్త దూరముందనగా బండి పక్కకు ఆపాడు. వ్యాన్ ముందుకు వెళ్లిపోయింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని, "నాకస్తున్నదే" అన్నాడు.