బొట్టు పెట్టిన ల్యాప్‌టాప్

మా ల్యాప్‌టాప్‌ని చూసి ఏలూరు షాపాయన నవ్వాడు. "ఇంకా దీన్నే వాడుతున్నారా అండీ?" అన్నాడు. పాత ఫైళ్లన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించి, ర్యామ్‌తో సహా నా చేతిలో పెట్టాడు గానీ, లోపల బిగించడానికి మాత్రం ఒప్పుకోలేదు. "ఇంత పాతదాన్ని విప్పితే మళ్ళీ లేస్తుందని చెప్పలేనండి. కొత్తది తీసుకోండి."

కొత్తది కొనుక్కోలేక కాదు. కొల్లేటికోట బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో నా కోసం నేను కొనుక్కున్న వస్తువు ఇది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తిరిగాను. మీటల మీద తెలుగు అక్షరాలు అంటించుకుని దీని మీదే టైపు నేర్చుకున్నాను. రిటైరయ్యాక ఆ ఊరి సంగతులు దీంట్లోనే రాసుకుంటున్నాను. దీన్ని వదులుకోవడం నాకిష్టం లేదు, అంతే. కానీ ఈమధ్య నాలుగు వాక్యాలు రాసేసరికి ఒళ్లు కాలిపోయి, దానంతటదే ఆగిపోతోంది. అన్నేళ్లు కొల్లేటి గాలి తిన్నది కదా, తేమ పట్టి ఉంటుందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వరండాలో చాప వేసుకుని కూర్చున్నాను. స్క్రూలు కలిసిపోకుండా గుంటపొంగడాల పెనం తెచ్చి, ఏ చోటువి ఆ గుంటలో వేశాను. మా ఆయన పురోహితుడు. పెనం వైపు అదోలా చూసి, "రేపు అందులోనే పొంగడాలు వేస్తావా ఏవిటి?" అన్నారు.

"వేస్తే మొదటి వాయి మీకేనండీ," అన్నాను.

కీబోర్డు మెల్లిగా పైకెత్తాను. దాని కింద కాగితమంత పల్చటి పట్టీ ఉంటుంది. అది చిరిగితే ఇక అంతే సంగతులు. ఊపిరి బిగబట్టి విడదీశాను. చూద్దును కదా, లోపలంతా పసుపు! ఫ్యాను రెక్కల మధ్య బియ్యపు గింజలు ఇరుక్కుని ఉన్నాయి.

ఏటా దసరాకి మా ఆయన ఆయుధపూజలో దీన్ని కూడా పీట మీద పెట్టిస్తారు. మూత తెరిచి, మీటలకు పసుపు కుంకుమ పెట్టి, మంత్రం చదివి గుప్పెడు అక్షింతలు వేస్తారు. చదువుల తల్లిని మూసిపెట్టి పూజించకూడదని ఆయన వాదన. పాపం, కొల్లేటిని ఊరికే ఆడిపోసుకున్నాను.

"ఏవండీ, మీ ఆశీర్వాదాలన్నీ ఇక్కడే ఉన్నాయి, ఓసారి రండి!" అని గట్టిగానే కేకేశాను. కోపం వచ్చింది మరి.

ఆయన వంగి చూశారు. ముఖం చిన్నబోయింది. "పదికాలాలు ఉండాలనే కదా వేశాను," అన్నారు.

ఇక నాకు నవ్వాగలేదు. ఆయన టార్చి పట్టుకున్నారు, నేను చిన్న పట్టకారుతో గింజలు ఏరి, బ్రష్షుతో పసుపు దులిపాను. డిస్కూ ర్యామూ బిగించి, పెనంలో స్క్రూలన్నీ ఖాళీ అయ్యాక బటన్ నొక్కాను. ఫ్యాను హాయిగా తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మొన్న దసరాకి మళ్ళీ పీట మీద పెట్టాను. ఈసారి ఆయనే మూత మూసి, పైన చిన్న బొట్టు పెట్టారు. మంత్రం అయ్యాక అక్షింతల చెయ్యి అలవాటుగా దాని మీదికి వెళ్ళి, ఆగిపోయింది. నా వైపు తిరిగి, ఆ గుప్పెడూ నా తల మీద వేశారు.

కొన్ని జడలో చిక్కుకున్నాయి. సాయంత్రం దాకా దులుపుకోలేదు.